పీవీఎస్టీ, ర్యాపిడ్, ఎంఎస్టీ: ఏ మోడు పెట్టాలి? హాస్టల్లో కరెంటు పోతే ఆఫీసు నెట్టు కూడా పోతోంది

పర్లాకిమిడి_తీగలోడు
సోమవారం, రాత్రి 9:40

నమస్కారమండి. మాది పర్లాకిమిడి. ఊళ్ళో ఒక ప్రైవేటు కాలేజీలో స్విచ్చులు, కేబుళ్ళు, కెమెరాలు అన్నీ నేనే చూస్తాను. నాకు ముందు చేసినాయన భువనేశ్వర్ వెళ్ళిపోతూ నా చేతిలో పెట్టినవి రెండే: ఒక కన్సోల్ కేబులు, పాస్‌వర్డులు రాసిన బిస్కట్ ప్యాకెట్టు అట్ట. ఏ తీగ ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందో బొమ్మ ఒక్కటీ లేదు. గోడలెంట నడిచి, సీలింగులోకి తల దూర్చి, ఆ బొమ్మ నేను గీసుకోడానికి ఆర్నెల్లు పట్టింది.

మొత్తం 14 స్విచ్చులు. ముఖ్యమైనవి మూడు. ఆఫీసు బిల్డింగులో సిస్కో లేయర్-3 స్విచ్చు, సర్వర్లు దాని పక్కనే. ల్యాబు బ్లాకులో సిస్కో 2960 స్విచ్చు. హాస్టల్లో మెట్లకింద బీరువాలో పాత సిస్కో ఒకటి, 100 మెగాబిట్‌ది. ఈ మూడూ ఒకదానికొకటి రింగులా కలిపి ఉన్నాయి. రింగులో డేటా ఆగకుండా తిరిగి లూపు పడకుండా ఒక లింకుని మూసి ఉంచేది స్పానింగ్-ట్రీ. పైన అడిగిన పీవీఎస్టీ, ర్యాపిడ్, ఎంఎస్టీ దాని మోడులే. ఆఫీసు నుంచి ల్యాబుకి గిగాబిట్ ఫైబరు. హాస్టలుకి ఆఫీసు వైపు నుంచీ ల్యాబు వైపు నుంచీ వచ్చేవి రెండూ మీడియా కన్వర్టర్ల (ఫైబరుని రాగి కేబులుకి కలిపే డబ్బాల) మీద 100 మెగాబిట్. లైబ్రరీలో వేరే కంపెనీ స్విచ్చు, ఒక్క కేబులు మీద వేలాడుతోంది. పైన మైక్రోటిక్ రౌటరు, అదీ ఒక్క కేబులే. వీలాన్లు (ఒకే తీగల మీద విడివిడిగా నడిచే నెట్‌వర్కులు) నాలుగు: 10 ఆఫీసు, 20 ల్యాబు, 30 హాస్టలు, 40 కెమెరాలు.

రోగాలు ఇవి.

హాస్టల్లో యూపీఎస్ లేదు. ఈ రోజుల్లో సాయంత్రమయ్యేసరికి మహేంద్రగిరి వైపు నుంచి ఉరుము వినిపిస్తే చాలు, కరెంటు నాలుగైదుసార్లు పోయి వస్తుంది. హాస్టలు నెట్టు పోవడం న్యాయమే. కానీ ఆఫీసుకీ ల్యాబుకీ మధ్య కూడా దగ్గర దగ్గర నిమిషం పోతుంది! కరెంటు వచ్చాక మళ్ళీ అరనిమిషం పోతుంది. "ఆగ్యాం, నెట్ చాలునాహిఁ" అని ఒడియా సార్లు, "బావు, నెట్టు పోనాది" అని మనవాళ్ళు, ఒకేసారి రెండు భాషల్లో ఫోన్లు.

రెండోది, గిగాబిట్ ఫైబరు ఉండి కూడా ల్యాబు నుంచి సర్వరుకి ఫైలు కాపీ చేస్తే సెకనుకి 10, 11 మెగాబైట్లు దాటదు.

మూడోది, పొద్దున్న ల్యాబు తెరిచి 40 కంప్యూటర్లు వేస్తే, సగం వాటికి 169.254తో మొదలయ్యే అడ్రసు (నెట్టు నుంచి దొరకనప్పుడు కంప్యూటరు తనే పెట్టుకునేది) వచ్చి కూర్చుంటుంది. కేబులు పీకి పెడితే మంచి అడ్రసు వస్తుంది, ఒక్కోసారి రాదు.

ఆఫీసు స్విచ్చులో షో స్పానింగ్-ట్రీ కొట్టాను. వీలాన్ 10కి మోడు ఐఈఈఈ అని ఉంది. రూట్ (దారులన్నీ లెక్కపెట్టేది ఈ స్విచ్చు నుంచే) ప్రయారిటీ 32778, దాన్ని చేరే దారి కాస్ట్ 19, రూట్ పోర్టు హాస్టలు వైపుది, టైపు గడిలో ఎస్‌హెచ్‌ఆర్. ల్యాబు స్విచ్చులో చూస్తే ఆఫీసు వైపు గిగాబిట్ పోర్టు ఆల్టర్నేట్, బ్లాక్ అని ఉంది. ఇంకో వింత. హాస్టల్లో కరెంటు పోయినా ఆఫీసు స్విచ్చు మీద హాస్టలు పోర్టు లైటు పచ్చగానే వెలుగుతుంది.

అన్నిటిమీదా పాత పీవీఎస్టీ మోడే నడుస్తోంది. ర్యాపిడ్-పీవీఎస్టీ పెట్టాలా, ఎంఎస్టీకి పోవాలా? హాస్టలు స్విచ్చులో మోడు అని ప్రశ్నార్థకం కొడితే పీవీఎస్టీ ఒక్కటే చూపిస్తోంది. రౌటర్లో కూడా ఏదైనా పెట్టాలా? కాస్త వివరంగా చెప్పండి. యూట్యూబులో చూసి చేస్తే ఈ సెమిస్టరు పరీక్షల ముందు నా ఉద్యోగం పోతాది.


రాయగడ_నైట్‌డ్యూటీ
సోమవారం, రాత్రి 10:05

ఏటి అంత ఆలోచన. స్పానింగ్-ట్రీ మోడ్ ర్యాపిడ్-పీవీఎస్టీ. ఒక్క లైను. అన్నిట్లోనూ కొట్టి, సేవ్ చేసి పడుకో. నేను ఇక్కడ అలగే చేశాను, మూడేళ్ళయింది, మళ్ళీ ముట్టుకోలేదు.


గుణుపురం_పెద్దాయన
సోమవారం, రాత్రి 11:30

రాయగడ బాబూ, నీకు సరిపోయింది కాబట్టి అందరికీ సరిపోదు. వాడి హాస్టలు స్విచ్చుకి ర్యాపిడే రాదంటున్నాడు, చదివావా?

తీగలోడా, మోడు సంగతి తర్వాత. నీ జవాబు నువ్వు రాసినదాంట్లోనే ఉంది. 32778 అంటే ఏటి? 32768కి వీలాన్ నంబరు 10 కలిపితే వచ్చేది. అంటే ఇన్నేళ్ళలో ఎవడూ ప్రయారిటీ ముట్టుకోలేదు. అందరి ప్రయారిటీ ఒకటే అయినప్పుడు మ్యాక్ అడ్రసు చిన్నది ఎవరిదో వాడే రూట్. కంపెనీ నంబర్లు వరసగా ఇచ్చుకుంటూ పోతుంది కాబట్టి మామూలుగా ముసలి స్విచ్చుది చిన్నదిగా ఉంటుంది. అలా మీ కాలేజీ నెట్‌వర్కు మొత్తానికి పెద్ద ఎవరయ్యా అంటే మెట్లకింద బీరువాలో, యూపీఎస్ లేకుండా, 100 మెగాబిట్ మీద పడున్న ఆ ముసలిది.

ఇప్పుడు కాస్ట్ లెక్క చూడు. 100 మెగాబిట్ లింకుకి 19, గిగాబిట్‌కి 4. ఆఫీసు నుంచి రూట్‌కి నేరుగా 19. ల్యాబు నుంచి నేరుగా 19. ఆఫీసు ల్యాబు మీదుగా తిరిగి వెళ్తే 4కి 19 కలిపి 23. ఎవరికివారికి నేరు దారే చవక. మరి రింగులో ఒకటి మూయాలి కదా, మూతపడేది ఆఫీసు-ల్యాబు లింకు. అదే నీ గిగాబిట్ ఫైబరు! ల్యాబు కుర్రాడు సర్వరుకి పంపే ప్రతీ ముక్కా హాస్టలు మెట్లకిందకి వెళ్ళి, 100 మెగాబిట్ ఇరుకులో నలిగి, మళ్ళీ ఆఫీసుకి వస్తోంది. పర్లాకిమిడిలో రైలెక్కి పక్కనున్న పాతపట్నం పోడానికి ముందు మా గుణుపురం వచ్చి, ఇక్కడ టీ తాగి, వెనక్కి వెళ్ళినట్టు. 10, 11 మెగాబైట్లు దాటదన్నావు చూడు, 100 మెగాబిట్ లింకు ఇచ్చేది అంతే.

కరెంటు సంగతి. హాస్టల్లో పవరు పోతే అక్కడి కన్వర్టరు ఆరిపోతుంది, ఫైబర్లో వెలుతురు ఆగిపోతుంది. కానీ ఆఫీసులో ఉన్న కన్వర్టరు యూపీఎస్ మీద బతికే ఉంది కదా, అది నీ స్విచ్చుకి మాత్రం లింకు ఉందనే చెప్తోంది. నీ పచ్చలైటు వింత అదే. కొన్ని కన్వర్టర్లు అటు వైపు చచ్చిపోతే ఇటు లింకు కూడా దించుతాయి, నీవి ఆ రకం కాదు. కాబట్టి స్విచ్చుకి రూట్ పోయినట్టు వెంటనే తెలీదు. రూట్ నుంచి రెండు సెకన్లకి ఒకసారి రావాల్సిన బీపీడీయూ (స్విచ్చులు ఒకదానికొకటి పంపుకునే స్పానింగ్-ట్రీ కబురు) రాక, మ్యాక్స్ ఏజ్ అనే గడువు 20 సెకన్లు గడిచాక గాని నమ్మదు. ఆ తర్వాత మూసిన పోర్టు తెరుచుకోడానికి లిజనింగ్ అనే దశ 15, లెర్నింగ్ అనే దశ 15. మొత్తం 50. నువ్వు నిమిషం అంటున్నది ఇదే.

కరెంటు వచ్చినప్పుడో? ముసలిది లేచి "నేనే రూట్" అంటుంది. ఆ మాట వినగానే ల్యాబు గిగాబిట్ దారి ఠక్కున మూసేస్తుంది. హాస్టలు పోర్టులు తెరుచుకోడానికి ఇంకా 30 సెకన్లుంటుంది. ఆ దారీ లేదు, ఈ దారీ లేదు. నీ అరనిమిషం అది.

నవ్వుకోకు, ఈ లెక్కలు అప్పట్లో తప్పు కాదు. రేడియా పెర్ల్‌మన్ డెక్ కంపెనీలో దీన్ని తయారుచేసింది 1985లో. 802.1డి ప్రమాణంగా వచ్చింది 1990లో. అప్పుడు నెట్టు 50 సెకన్లు ఆగితే కుర్చీలోంచి లేచి మంచినీళ్ళు తాగొచ్చేవారు. ర్యాపిడ్ వచ్చింది 2001లో, 802.1డబ్ల్యూ అని.

రేపు చేయాల్సింది ఇదే, మోడు మార్చకుండా. ఆఫీసు స్విచ్చులో: స్పానింగ్-ట్రీ వీలాన్ 1,10,20,30,40 ప్రయారిటీ 4096. ల్యాబు స్విచ్చులో అదే లైను 8192తో. ప్రయారిటీ ఎప్పుడూ 4096 ఎక్కాల్లోనే ఇవ్వాలి, మధ్యలో అంకె ఇస్తే తీసుకోదు. రూట్ ప్రైమరీ అని అడ్డదారి కమాండు ఉంది కానీ నాకు నచ్చదు. అది ఆ క్షణాన ఉన్న రూట్‌ని చూసి ఒక అంకె రాసేసి ఊరుకుంటుంది, మామూలుగా 24576. రేపెవడో అంతకన్నా చిన్న అంకె పెట్టుకొస్తే కాపలా కాయదు. అంకె నీ చేత్తో నువ్వే రాసుకో.

పని మాత్రం రాత్రి చెయ్యి. మారేటప్పుడు ఒకసారి నెట్టు ఆగుతుంది.


సిరొంచ_రేవు
మంగళవారం, ఉదయం 7:15

పెద్దాయన మంచిగ చెప్పిండు. నాది సిరొంచ, గడ్చిరోలి జిల్లా, ప్రాణహిత ఒడ్డు. కరెంటు కష్టాలు మాకు కొత్త కాదు. రెండు మూడు ముచ్చట్లు కలుపుత.

అన్నా, నువ్వు టైపు గడిల ఎస్‌హెచ్‌ఆర్ ఉన్నదన్నవ్. దాన్ని ఎవ్వరు వట్టించుకోలే. షేర్డ్ అన్నట్టు. అంటే ఆ పోర్టు హాఫ్ డూప్లెక్స్‌ల నడుస్తున్నది, ఒకసారికి పంపుడో వినుడో ఒక్కటే. నీ కన్వర్టరు మీద చిన్న చిన్న డిప్ స్విచ్చులు ఉంటయ్, జర టార్చి లైటు వేసి చూడు. ఎవడో దాన్ని 100 ఫుల్ అని బిగిచ్చి ఉంటడు. నీ స్విచ్చు ఆటో మీద ఉంటది. అటు దిక్కు ఆటో మాట్లాడకపోతే ఇటు దిక్కుది స్పీడు కనిపెడుతది కానీ డూప్లెక్స్ కనిపెట్టలేక హాఫ్‌కు పడుతది. రెండు దిక్కుల ఆటో పెట్టు, లేకుంటే రెండు దిక్కుల ఫుల్ బిగియ్. ఇది సరి చేయకుంట ర్యాపిడ్ పెడితే లాభం లేదు. ర్యాపిడ్‌ల రెండు స్విచ్చులు ఒకదానితోని ఒకటి మాట్లాడుకొని దారి తెరిచేది పాయింట్ టు పాయింట్, అంటే ఫుల్ డూప్లెక్స్ లింకు మీదనే. షేర్డ్ ఉంటే మళ్ల అదే 30 సెకన్లు.

ల్యాబుల 169.254 ముచ్చట మోడుతోని పోదు. మస్తు మంది ర్యాపిడ్ పెడితే పోర్ట్‌ఫాస్ట్ (పోర్టును ఆపకుంట వెంటనే తెరిచేది) అక్కర్లేదనుకుంటరు. కంప్యూటరుకు బీపీడీయూ మాట్లాడరాదు కద, జవాబియ్యది. ర్యాపిడ్‌ల గూడ ఆ పోర్టు 30 సెకన్లు ఆగుతది. అంతల్నే డీహెచ్‌సీపీని (అడ్రసులు పంచేదాన్ని) అడిగి అడిగి యాష్టకొచ్చి ఆ అడ్రసు పెట్టుకుంటది. కంప్యూటర్ల పోర్టులన్నిట్ల స్పానింగ్-ట్రీ పోర్ట్‌ఫాస్ట్ పెట్టు. ఇంకో లాభం గూడ ఉన్నది. పోర్ట్‌ఫాస్ట్ లేని పోర్టు ఎక్కినా దిగినా టోపాలజీ (దారుల అమరిక) మారిందని నెట్‌వర్కంత చాటింపు పోతది, స్విచ్చులన్ని నేర్చుకున్న మ్యాకులు మరిచిపోయి మళ్ల మొదటికెళ్లి నేర్చుకుంటయ్. 40 కంప్యూటర్లు పొద్దుగాల ఒక్కసారి ఎక్కితే 40 చాటింపులు.

పోర్ట్‌ఫాస్ట్ వెట్టినకాడ బీపీడీయూ గార్డ్ తప్పకుంట పెట్టు. నేను ఒక ఆఫీసుల పెట్టకుంట వదిలిన. ఒకాయన టేబుల్ కింద అయిదు పోర్టుల చిన్న స్విచ్చు పెట్టుకొని, వేలాడుతున్న కేబులు ఉత్తగ కనవడంగనే దాని రెండో మొన గూడ అండ్లనే గుచ్చిండు. సక్కదనం కోసమట. మూడు అంతస్తుల లైట్లన్ని ఒక్కతీరుగ కొట్టుకున్నయ్, కన్సోల్ల అక్షరం కొడితే నాలుగు సెకన్లకు వడ్డది. చివరికి పోర్టులు ఒక్కొక్కటి పీకుకుంట దొరకవట్టిన, మధ్యాహ్నం అయింది. బీపీడీయూ గార్డ్ ఉంటే నీ స్విచ్చు పంపిన బీపీడీయూ ఆ ముడిల తిరిగి అదే పోర్టుకు వస్తది, పోర్టు ఎర్ర్‌డిజేబుల్ల పడుతది, అంటే మూతపడుతది, ఖతం. కొన్ని చవక స్విచ్చులు బీపీడీయూను మింగుతయ్, గప్పుడు గార్డ్ గుడ్డిదే. అందుకే స్టార్మ్-కంట్రోల్ బ్రాడ్‌కాస్ట్ (అందరికి పోయే డేటా మితిమీరితే ఆపేది) గూడ పక్కన పెట్టుకో. హాస్టల్ పోరగాళ్లున్నకాడ రెండు ఉండాలె.

నా మాటైతే ఎంఎస్టీకి పో అన్నా. వేరే కంపెనీ డబ్బా ఉన్నది కదా. పీవీఎస్టీ సిస్కో సొంత భాష, ఎంఎస్టీ అందరి భాష.


గుణుపురం_పెద్దాయన
మంగళవారం, ఉదయం 10:50

ఎస్‌హెచ్‌ఆర్ నా కంటికి ఆనలేదు. సిరొంచ తమ్ముడిది మంచి చూపు.

ఎంఎస్టీ దగ్గర మాత్రం ఒప్పుకోను, ఇప్పటికైతే. ఎంఎస్టీలో కొన్ని వీలాన్లకి కలిపి ఒక చెట్టు, దాన్నే ఇన్‌స్టెన్సు అంటారు; ఒకే అమరిక ఉన్న స్విచ్చుల గుంపు రీజియను. ఆ రీజియను పేరు, రివిజన్ నంబరు, ఏ వీలాను ఏ ఇన్‌స్టెన్సులో ఉందన్న పట్టిక, ఈ మూడూ ప్రతీ స్విచ్చులో అచ్చు ఒక్కలా ఉండాలి. పేరులో పెద్దక్షరం చిన్నక్షరం తేడా పడినా ఆ స్విచ్చు వేరే రీజియను కింద లెక్క. రేపు వీలాన్ 50 కొత్తగా వేసి పట్టిక ఒక స్విచ్చులో మార్చి రెండోదాంట్లో మర్చిపోతే అదే గతి. వెళ్ళేవాడు రాబోయే వీలాన్లు కూడా ముందే పట్టికలో పంచేసి పెట్టుకోవాలి. ఒంటిచేత్తో 14 స్విచ్చులు చూసేవాడికి పరీక్షల ముందు ఇది చెప్పే పని కాదు. పైగా మన ముసలిదానికి ఎంఎస్టీ రాదు. పీవీఎస్టీ మాట్లాడే స్విచ్చు రీజియను అంచున ఉంటే రూట్ రీజియను లోపలే ఉండేలా చూసుకోవాలి, లేకపోతే ఆ అంచు పోర్టుని రూట్ ఇన్‌కన్సిస్టెంట్ అని ఆపేయొచ్చు.

నాలుగు వీలాన్లకి ర్యాపిడ్-పీవీఎస్టీ చాలు. వీలానుకో చెట్టు నడుపుతుంది, నీకు నాలుగైదు చెట్లు. 2960 మోయగలిగేది 128. వందల వీలాన్లు ఉన్నవాడికి ఎంఎస్టీ గాని నీకెందుకు?

లైబ్రరీది ఒక్క కేబులే కాబట్టి గొడవ లేదు. కానీ ఎప్పుడైనా దానికి రెండో కేబులు లాగితే ఈ మాట గుర్తుంచుకో: ఆ స్విచ్చు వినేది వీలాన్ 1 బీపీడీయూ ఒక్కటే. మిగతా వీలాన్లవి సిస్కో సొంత మల్టీకాస్ట్ అడ్రసు మీద వస్తాయి. అవేమిటో దానికి తెలీదు, మామూలు డేటా అనుకుని దాటించేస్తుంది. ఆ రోజు వస్తే అప్పుడు ఎంఎస్టీ, సిరొంచ తమ్ముడు చెప్పినట్టే.

రౌటరు. సాధారణ రౌటెడ్ పోర్టు స్పానింగ్-ట్రీలో పాల్గొనదు, దానికి ఏ మోడూ అక్కర్లేదు. మైక్రోటిక్‌లో బ్రిడ్జి కట్టి పోర్టులు అందులో వేస్తే మాత్రం అది కూడా ఒక స్విచ్చే. బ్రిడ్జిలో ప్రోటోకాల్ మోడ్ మామూలుగా ఆర్ఎస్టీపీ ఉంటుంది, ప్రయారిటీ 8000 అని చూపిస్తుంది. భయపడకు, అది హెక్సాలో రాసిన 32768. ఆఫీసులో 4096 పెట్టాక అది రూట్ అవ్వదు. పీవీఎస్టీ దానికి రాదు. ఒక్క కేబులే ఉందన్నావు, అలాగే ఉండనీ. బ్యాకప్ అని రెండోది ల్యాబు స్విచ్చుకి లాగకు. రౌటరు చేత స్విచ్చు పని చేయించకు.

మోడు మార్చినప్పుడు ఆ స్విచ్చులో చెట్లన్నీ ఆగి మళ్ళీ మొదలవుతాయి. దూరంగా ఉన్నదానితో మొదలెట్టి నువ్వు కూర్చున్న స్విచ్చు ఆఖర్న మార్చు. మార్చేముందు రీలోడ్ ఇన్ 10 కొట్టు. దారి తెగి బయట పడిపోయావనుకో, పది నిమిషాలకి అదే రీబూట్ అయి పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. బాగుంటే రీలోడ్ క్యాన్సిల్ కొట్టి అప్పుడు సేవ్ చెయ్యి.


రాయగడ_నైట్‌డ్యూటీ
మంగళవారం, మధ్యాహ్నం 1:20

ఇవన్నీ చదివి భయమేసి నా దగ్గర రూట్ ఎవరో చూశాను. క్యాంటీన్ స్విచ్చు. మూడేళ్ళుగా.


పర్లాకిమిడి_తీగలోడు
గురువారం, ఉదయం 6:30

నిన్న రాత్రి కూర్చున్నాను. చేసినవి వరసగా చెప్తాను.

ముందు టార్చి పట్టుకుని కన్వర్టర్లు చూశాను. సిరొంచ అన్నగారు అన్నట్టే, ఆఫీసు వైపు దానిమీద డిప్ స్విచ్చు ఫుల్‌కి బిగించి ఉంది, మీద ధూళి చూస్తే ఎవరూ ముట్టి ఏళ్ళయింది. ఆటోలోకి తోశాను. టైపు గడిలో ఎస్‌హెచ్‌ఆర్ పోయి పీ2పీ (పాయింట్ టు పాయింట్) వచ్చింది.

తర్వాత ఆఫీసులో 4096, ల్యాబులో 8192. ఒక అరనిమిషం ఆగి వచ్చింది. ల్యాబులో గిగాబిట్ పోర్టు ఇప్పుడు రూట్ పోర్టు. మూతపడింది హాస్టలు-ల్యాబు లింకు, అదీ హాస్టలు చివర. ఒక సినిమా ఫైలు, కాలేజీదే, వార్షికోత్సవం వీడియో, కాపీ చేస్తే సెకనుకి 90 దాటింది. నేను ఆ స్క్రీను ఫోటో తీసుకున్నాను.

11:20కి వాచ్‌మన్‌ని అడిగి హాస్టలు మెయిన్ స్విచ్చు కట్టేశాను. ఆఫీసు నుంచి ల్యాబుకి పింగు పెట్టి ఉంచాను. ఒక్కటీ పోలేదు. మళ్ళీ వేశాను. అప్పుడూ పోలేదు. హాస్టలు గుంటలు మాత్రం పైనుంచి అరిచారు, ఏదో మ్యాచ్ చూస్తున్నారట.

మోడు కూడా మార్చాను, హాస్టలుది తప్ప మిగతా సిస్కోలన్నీ ర్యాపిడ్-పీవీఎస్టీ. రీలోడ్ ఇన్ 10 పెట్టుకునే చేశాను. హాస్టలు వైపు పోర్టు టైపులో పీ2పీ పక్కన పీర్ ఎస్టీపీ అని వచ్చింది, అటువైపు ముసలిది ఉందని. ఆఖర్న ఆఫీసు-ల్యాబు ఫైబరు పీకి చూశాను. ల్యాబు హాస్టలు మీదుగా తిరగాలి కదా, 50 సెకన్లకి కాస్త తక్కువ పట్టింది. ముందు ర్యాపిడ్ పని చేయలేదనుకుని గాభరా పడ్డాను. తర్వాత అర్థమైంది. తెరుచుకోవాల్సిన పోర్టు ముసలిదాని చేతిలో ఉంది, దానికి తెలిసినవి పాత టైమర్లే. అది మార్చేవరకూ ఇంతే.

ల్యాబులో పోర్ట్‌ఫాస్ట్, బీపీడీయూ గార్డ్ పెట్టాను. పెట్టిన రెండు నిమిషాలకే ఒక పోర్టు ఎర్ర్‌డిజేబుల్. వెళ్ళి చూస్తే ల్యాబు మూల ఒక మేనేజ్డ్ స్విచ్చు, నా బొమ్మలో లేనిది. అంటే ఇప్పుడు 15.

ఒక్క సందేహం. రింగు పోర్టుల మీద రూట్ గార్డ్ పెట్టేయమంటారా, ఇంక ఎవరూ రూట్ కాకుండా?


గుణుపురం_పెద్దాయన
గురువారం, ఉదయం 8:10

రింగు మీద వద్దు. ల్యాబులో హాస్టలు వైపు పోర్టుకి రూట్ గార్డ్ పెట్టావనుకో, నిన్న నువ్వు పీకినట్టే గిగాబిట్ తెగిన రోజున రూట్ మాట హాస్టలు వైపు నుంచే రావాలి. గార్డ్ దాన్ని దొంగ అనుకుని పోర్టు ఆపేస్తుంది. లైబ్రరీ వైపు, కింది చిన్న స్విచ్చుల వైపు పెట్టుకో, అటునుంచి రూట్ ఎప్పటికీ రాకూడదు కాబట్టి.

రింగుకి కావాల్సింది లూప్ గార్డ్. మీ కన్వర్టర్లు ఫైబరు ఒక పోగు తెగినా లింకు పచ్చగానే చూపిస్తాయి కదా. బీపీడీయూ రావడం ఆగిపోతే, మూసి ఉన్న పోర్టు "అటు ఎవరూ లేరు" అనుకుని తెరుచుకుంటుంది, లూపు పడుతుంది. లూప్ గార్డ్ ఉంటే తెరవకుండా ఆపుతుంది. మూసి ఉన్న పోర్టు హాస్టలు స్విచ్చులో ఉంది కాబట్టి పెట్టాల్సింది అక్కడ. ముసలిదాంట్లో ఆ కమాండు ఉందో లేదో చూడు. లేకపోతే కొత్త స్విచ్చుకి కాగితం పెట్టేటప్పుడు దాంతోపాటు ఒక చిన్న యూపీఎస్ కూడా రాయి.


పర్లాకిమిడి_తీగలోడు
గురువారం, ఉదయం 8:25

లేదండి. ఇప్పుడే చూశాను. కాగితం ఈరోజే పెడతాను, ఒడియాలో రాయమన్నారు, మా తోటి గుమస్తా రాస్తున్నాడు.